పైన సుత్తి చప్పుడు

చాలాసేపు తలుపు కొట్టాక గానీ అతనికి వినిపించలేదు.

సుత్తి, ఉలి పక్కన పెట్టి, సిమెంటు దుమ్ము అంటిన చేతులతోనే వచ్చి తలుపు తీశాడు దర్జీ.

కింది వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి. జుట్టు రేగి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నయ్యా, మధ్యాహ్నం కాసేపు ఆపగలరా? నిద్ర పట్టడం లేదు."

"పట్టపగలు నిద్రేమిటమ్మా?" విసుక్కున్నాడు దర్జీ. "ఇల్లన్నాక పని ఉండదా? సాయంత్రమైతే నేను ఆస్పత్రికి పోవాలి. ఉన్న పొద్దులోనే కానిచ్చుకోవాలి."

"ఆస్పత్రికా?"

"మా అమ్మ ఉందక్కడ. ఈ బాత్‌రూంలోనే జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వంతెన పక్క పెద్దాస్పత్రి. ఇంటికి తీసుకొస్తానంటే, ఆ గదిలో మళ్ళీ అడుగు పెట్టనని ఏడుస్తోంది. అందుకే ఆవిడకి చెప్పకుండా మొత్తం మార్చేస్తున్నా. మేస్త్రీ వచ్చే నెల దాకా రాలేనన్నాడు. ఇక నేనే దిగాను."

ఆ అమ్మాయి అతని భుజం మీదుగా లోపలికి చూసింది. పగిలిన పాత పలకల గుట్ట. గోడకు ఆనించిన కొత్త నీలం టైల్స్.

"అయితే కానివ్వండి అన్నయ్యా," అంది.

ఇంకేదో అనబోయింది. అతను అప్పటికే తిరిగి సుత్తి అందుకున్నాడు.

గచ్చు మొత్తం పెకలించాడు. కాలికి తట్టుకునే గడప తీసేశాడు. బట్ట మీద గీసినట్టే నేల మీద సుద్దతో గీతలు గీశాడు. ఇక్కడ కమోడ్, ఇక్కడ కూర్చుని స్నానం చేయడానికి చిన్న అరుగు, నీళ్ళు పోయేందుకు ఇటు వాలు.

మొదటి టైలే కొలత తప్పి పొట్టిగా తెగింది.

"బట్టయితే అంచు విప్పి సర్దేవాణ్ణి," అన్నాడు భార్యతో. "దీనికేం విప్పను?"

ఆమె నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది.

నేలకు నీరు దిగని పూత వేశాడు. అది ఆరాక గదిలో నీళ్ళు నిలబెట్టి చూశాడు. ఓ మూల నుంచి చెమ్మ దిగింది. భార్య గబగబా కిందికి వెళ్ళి వచ్చింది.

"ఆ అమ్మాయి మంచం మీదే కారుతోందండీ. పాపం, మంచాన్ని వంటింట్లోకి లాక్కుంది. ఒక్క మాట అనలేదు. పని ఎంతవరకు వచ్చింది వదినా అని మాత్రం అడిగింది."

"ఎత్తిపొడుపులే. పగలంతా పడుకునే మనిషికి మన పనితో ఏం పని?"

ఆ మూల మళ్ళీ తవ్వి, మళ్ళీ పూత వేశాడు.

ఈలోగా ఆస్పత్రిలో అమ్మ మారసాగింది. గోడవైపు తిరిగి పడుకునే మనిషి, ఒక సాయంత్రం అతను వెళ్ళేసరికి కాళ్ళు వేలాడేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. కొన్నాళ్ళకు వాకర్ పట్టుకుని నిలబడింది. డాక్టరు మందు పనిచేసిందనుకున్నాడు అతను. ఇంటికి వస్తూ డాక్టరుకి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

అన్నిటికంటే చివర గోడలకు స్టీలు కడ్డీలు బిగించాడు. ఎంత ఎత్తులో పెట్టాలో ఎవరినీ అడగలేదు. ఏళ్ళ తరబడి అమ్మ జాకెట్లు కుట్టిన చెయ్యి అతనిది. ఆమె భుజం ఎక్కడికొస్తుందో, మోచెయ్యి ఎక్కడికొస్తుందో కంఠతా వచ్చు. కడ్డీ పట్టుకుని తన బరువంతా వేసి లాగాడు. కదల్లేదు.

అప్పుడు ఆ కొత్త నేల మీదే చతికిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

అమ్మను తీసుకొచ్చిన రోజున కింది వాటాకు తాళం వేసి ఉంది.

"ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయిందట," అంది భార్య. "మనకో మాటైనా చెప్పలేదు."

"చప్పుడంతా అయిపోయాక వెళ్ళిందా? ఇప్పుడైతే హాయిగా పడుకునేది కదా!" అన్నాడతను.

అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఇరుగుపొరుగు తలో చెయ్యీ వేసి మెట్లెక్కించారు.

బాత్‌రూం ముందు ఆవిడ ఆగిపోయింది.

ఆవిడ చెయ్యి చాచి కడ్డీ పట్టుకుంది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. చుట్టూ కలయజూసింది.

"నీలమే," అంది. "అచ్చం ఆ పిల్ల చెప్పినట్టే ఉంది."

"ఏ పిల్లమ్మా? నీకెవరు చెప్పారు?"

"రాత్రి డ్యూటీ నర్సురా. నువ్వు వెళ్ళిపోయాక వచ్చేది. నన్ను లేపి, నిలబెట్టి, నడిపించింది ఆ పిల్లే. రోజూ ఓ కబురు మోసుకొచ్చేది. ఇవాళ గడప పోయింది, ఇవాళ గోడలకి టైల్స్ మొదలెట్టారు, మీరు కూడా నాలుగడుగులు వెయ్యాలి మరి, అని వెంటపడేది."

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆ అమ్మాయి... ఇప్పుడు అక్కడే ఉందా?" అడిగాడతను.

"ఎక్కడిదీ, తీసేశారు. డ్యూటీలో కునుకు తీస్తుంటే పెద్ద నర్సు కంట్లో పడింది. అంతకుముందు నేనూ అన్నాను, పగలు కాస్త పడుకోవచ్చు కదే తల్లీ అని."

అమ్మ కడ్డీని మెల్లగా నిమిరింది.

"'మీ గది తయారవుతోంది నా నెత్తి మీదే అమ్మమ్మా, ఆ చప్పుడు ఆపమంటే మీరు ఇంటికెళ్ళడం ఆలస్యమైపోతుంది' అని నవ్వేసింది."