అమ్మగారు పంపిన మూట

లాజరు పాస్టరుగారు కంకిపాడు చర్చి ముందు సైకిలు దిగి, క్యారియరు మీది మూట సంఘంలో పెద్దావిడ సంపూర్ణమ్మకు ఇచ్చారు.

"మీకిమ్మని మా ఆవిడ పంపిందండీ. కీర్తన త్వరగా కానివ్వండి. ఇక్కడయ్యాక ఉయ్యూరు వెళ్లాలి."

పోయిన ఆదివారం బాప్తిస్మం ఇస్తూ కళ్లు తిరిగి ఆయనే కాలువలో పడ్డారు. అయినా తిరుగుడు మానలేదు.

ఆవేళ ఆయన చెప్పాల్సిన ప్రసంగం, తుఫానులో దోనె ఊగిపోతున్నా హాయిగా నిద్రపోయిన ప్రభువు గురించి.

సంపూర్ణమ్మ అన్నిటికన్నా పొడుగైన కీర్తన ఎత్తుకుంది. ఒక్క చరణం వదలకుండా జోలపాటలా సాగదీసింది. కుర్చీలో పాస్టరుగారి తల వాలిపోయింది.

కళ్లు తెరిచేసరికి చర్చి ఖాళీ. పక్కన సంపూర్ణమ్మ విసనకర్రతో విసురుతోంది.

"అయ్యో, ప్రసంగం! ఉయ్యూరు!"

"ఉయ్యూరుకి మావాళ్లు వెళ్లారు అయ్యగారూ. ప్రార్థన వాళ్లే నడిపిస్తారు."

"నన్ను లేపొద్దుటండీ?"

"ఆనాడు ప్రభువుని లేపి శిష్యులు చివాట్లు తిన్నారు కదండీ. మాకెందుకు ఆ చివాట్లు?"

లేవబోతుంటే ఆయన మెడ కింద నుంచి మెత్తటిదేదో జారి ఒళ్లో పడింది. తన ఇంటి తలగడ!

పొద్దున కాలువ గట్టంట తనే సైకిలు తొక్కుతూ మోసుకొచ్చారు దాన్ని.