గడియ వేసిన వంటిల్లు

"ఇది మన వైపు వంట కాదురా!" నాన్న కంచం పక్కకు నెట్టేశాడు.

వడ్డించేవాళ్లు బిక్కచచ్చిపోయారు. మరి మాటలా? మన వైపు వంటకి ఊరూరా పేరు తెచ్చిన చెయ్యి అది! ఆ వంటమాస్టరు రేపటితో గరిటె దించేస్తున్నాడు. 'మగపుట్టుక పుట్టి వంట చేస్తావా, నలుగురూ నవ్వుతారు' అని ఒకప్పుడు చెడామడా తిట్టిన నాన్న, ఇన్నాళ్లకి కొడుకు వండే హోటల్ గడప తొక్కాడు. ఆ నోటితో ఒక్కసారి 'బాగుంది' అనిపించుకోవాలని కొడుకు ఆశ, అంతే, పాపం.

"ఏం తక్కువైంది?"

"మెంతిపొడి ముందే వేసి మాడ్చావు. పొయ్యి ఆర్పాక వేసి మూత పెట్టాలి."

వంటమాస్టరుకి ఒళ్లు మండింది. "అమ్మ ఇలాగే చేసేది! నువ్వెప్పుడైనా వంటింట్లో అడుగుపెట్టావా నాన్నా?"



నిజానికి అమ్మ వండుతుంటే ఎవరూ చూడలేదు. పొయ్యి వెలిగిందంటే వంటింటికి గడియ పడాల్సిందే. "చేతులు కాలతాయి, అవతలికి పొండర్రా" అని పిల్లల్ని కసిరేది. వంటమాస్టరు మాత్రం చిన్నప్పుడు తలుపు సందులో ముక్కు పెట్టుకుని కూర్చునేవాడు. ఏది ముందు, ఏది వెనక అన్నది వాసనతోనే పట్టేవాడు. ఈ విద్యంతా అలా అబ్బిందే. కాసేపటికి అమ్మ తలుపు తీసేది. నాన్న పెరటి వైపు నుంచి తుండుతో చెమట తుడుచుకుంటూ వచ్చి కంచం ముందు కూర్చునేవాడు. ఎంత మంచి రోజులవి! తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది, కళ్లూ తడుస్తాయి.

"మూత కింద వేసింది తలుపవతలికి ఎలా తెలుస్తుందిలే," అని గొణుక్కుంటూ నాన్న లేచాడు. తిన్నగా హోటల్ వంటగదిలోకి వెళ్లి, అక్కడున్నవాళ్లందర్నీ బయటికి పంపేసి, లోపల గడియ వేసుకున్నాడు.

"నీకెందుకు నాన్నా ఈ వయసులో! చెయ్యి కాలుతుంది, తలుపు తియ్యి!" వంటమాస్టరు తలుపు బాదాడు.

ఇంతలో తలుపు సందులోంచి వాసన వచ్చింది. చిన్నప్పటి వాసన. వంటమాస్టరు అక్కడే చతికిలబడిపోయాడు.

"నాన్నా..."

"గట్టిగా అరవకురా, నలుగురూ వింటారు. ఎవరైనా అడిగితే వండింది నువ్వేనని చెప్పెయ్. మీ అమ్మ కూడా బతికున్నన్నాళ్లూ తనే వండానని చెప్పేది."