గొడ్డు ఈగలు

లంబసింగి కొండల్లో ఏ స్ట్రాబెర్రీ తోటలో చూసినా ఇప్పుడు నీలిరంగు ఈగలే. పండులో గుడ్లు పెట్టే పరదేశీ ఈగల సంతతి పెరగకుండా, వాటితో జతకట్టినా పిల్లలు పుట్టని ఈ మగ ఈగల్ని ఒక కంపెనీ డ్రోన్లు వారం వారం వదిలిపోతాయి. వాటిని చంపకూడదని ఊళ్లో కట్టుబాటు.

అందరి తోటలూ బాగుపడ్డాయి, జమున తోట తప్ప. ఆమె పండ్లను ఉప్పునీళ్లలో వేస్తే చాలు, సన్నటి తెల్లపురుగులు బయటికొచ్చేవి. కంపెనీ వాళ్లు నాసిరకం ఈగల్ని తనకే అంటగడుతున్నారని ఆమె అనుమానం. ఒక పొద్దున డ్రోన్ వచ్చే వేళకు షెడ్డు చాటున కాపు కాసింది.

డ్రోన్ అలా వెళ్లిందో లేదో, అత్త సోంబరి వచ్చి, పులిసిన బెల్లంనీళ్ల సీసాలు కర్రలకు వేలాడదీసింది. నీలి ఈగలు వాటిలో పడి చస్తున్నాయి.

జమున పరుగున వెళ్లి ఆమె చేయి పట్టుకుంది. "ఏటత్తా ఇది? మన పంట మనమే పాడు సేసుకుంటామా?"

సోంబరి బెదరలేదు. "ఈ గొడ్డు ఈగలు వాలిన పళ్లు రోజూ తింటన్నావు. పెళ్లయి నాలుగేళ్లయినాది. నీ కడుపెందుకు పండనేదో ఎప్పుడైనా ఆలోసించినావా?"

"అవి ఈగలత్తా! మనుసులకేటీ అవదు," అంటూ జమున సీసాలన్నీ ఊడదీసి కాలవలో పారబోసింది.

తర్వాతి కాపులో పురుగన్నదే లేదు. భర్త భీమన్న సంబరపడిపోయి, ఎర్రటి పండొకటి కోసి ఆమె నోటికందించబోయాడు.

"నాకొద్దు, పళ్లు జివ్వుమంటన్నాయి," అని జమున, ఆ పండు మీంచి లేచిన నీలి ఈగను చూసి మొహం తిప్పుకుంది.