హ్యాండిల్‌కు కళ్లెం

ఆఫీసు తలుపు తాళం పాడైంది. కొత్త తలుపు చేయించాలని డిజైనరమ్మ రాత్రి ఆఫీసులోనే ఒంటరిగా కూర్చుని, కంప్యూటర్లో దాని భాగాలు జోడిస్తోంది. ఏ భాగం ఎక్కడ నిలవాలో షరతు పెడితే, అది ఇక కదలదు. చట్రం, మడతబందులు, తలుపు బుద్ధిగా కుదిరాయి. హ్యాండిల్ మాత్రం తెరమీద తనంతట తానే తిరిగింది.

వెనకాల కిర్రుమంది. చూస్తే అసలు తలుపు హ్యాండిల్ కూడా అంతే తిరిగి ఉంది.

వాచ్‌మన్‌కు ఫోన్ చేసింది. "తలుపు దగ్గర నువ్వేనా తాతా?"

"ఒంట్లో బాగాలేక ఇంటికొచ్చేశానమ్మా. అక్కడ మీరు తప్ప నరమానవుడు లేడు."

హ్యాండిల్ మళ్లీ కదిలింది. అప్పుడు తట్టింది ఆమెకు: దాన్ని ఇరుసుకు తగిలించిందే గానీ, ఏ కోణంలో ఆగాలో షరతు పెట్టనే లేదు. కోణం గడిలో సున్నా కొట్టింది.

తెరమీద హ్యాండిల్ ఠక్కున ఆగింది. వెనకాలదీ ఆగింది. బయట ఏదో మూలుగుతూ, బలమంతా పెట్టి తిప్పుతోంది. అది వెంట్రుకవాసి కదల్లేదు.

"ఏం, చేతకాలేదా?" అని పకపకా నవ్వింది.

మూలుగు ఆగింది. కాసేపటికి తెరమీద, తలుపును పట్టి ఉంచే కింది మడతబందు చీల మెల్లగా పైకి లేవసాగింది.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని మౌస్ అందుకుంది.

"రా నాయనా రా, దానికీ మందుంది."