బోర్డు మీద పిల్లి

“రంగయ్యగారూ, మీ బోర్డు మీద పిల్లి కూర్చుంది. ముందు దాన్ని దించేయండి” అన్నాడు చలపతిరావు.

గల్లాపెట్టె వెనక కూర్చున్న రంగయ్య తల ఎత్తలేదు.

“ఉండనియ్యుండ్రి సారూ.”

పటాన్‌చెరు దాటాక బొంబాయి రోడ్డు పక్కన ఉంది రంగయ్య హోటల్. బోర్డు మీద తెలుగు బాగానే ఉంది. ఉర్దూ బాగానే ఉంది. ఇంగ్లీషులో రాసిన ఒక్క మాటతోనే చిక్కు. కట్లెట్ అన్న మాటలో సి తర్వాత యు ఉండాలి. ఎ ఉంది. చదివితే క్యాట్‌లెట్ అవుతుంది.

చలపతిరావుది గుంటూరు వైపు. కొత్తగా పెట్టిన మందుల ఫ్యాక్టరీలో ఆఫీసరు. అంతకుముందు ఇంగ్లీషు మాస్టారు. భార్యాబిడ్డల్ని ఊళ్లోనే ఉంచి వచ్చాడు కాబట్టి రెండు పూటలా తిండి ఆ హోటల్లోనే. రంగయ్య భార్య సావిత్రమ్మ చేసే ఆలుగడ్డ కట్లెట్ అంటే అతనికి ప్రాణం. ఆ ఎ మాత్రం రోజూ కంట్లో నలుసులా గుచ్చుకునేది.

మొదట్లో అదంతా నవ్వులాటే. లారీ డ్రైవర్లు లోపలికి వస్తూ పిల్లిలా అరిచేవారు. ఫ్యాక్టరీ ఆఫీసర్లు కొత్తవాళ్లను పిలుచుకొచ్చి మరీ బోర్డు చూపించేవారు. రోడ్డుకు అవతల ఇంకో హోటల్ వెలిశాక నవ్వులాట కాస్తా పుకారైంది. రంగయ్య పెనం మీద వేగేది ఆలుగడ్డ కాదట. ఏకాదశినాడు ఉల్లిగడ్డ కూడా ముట్టని ఇల్లది. అయినా పుకారుకు అవన్నీ ఎందుకు? బల్లలు ఖాళీ అవుతూ వచ్చాయి.

రంగయ్య మాత్రం బోర్డు జోలికి ఎవరినీ పోనివ్వలేదు. దసరాకు గోడలకు సున్నం వేయించినప్పుడు కూడా బోర్డు మీద చుక్క పడకుండా గోనెపట్టా కప్పించాడు.

సావిత్రమ్మ అతనితో మాట్లాడేది కాదు. వడ్డించమని చెప్పాలంటే గరిటెతో గిన్నె మీద కొట్టేది. చేజేతులా బేరం పాడుచేసుకుంటున్న మొగుడితో ఏ ఇల్లాలు మాట్లాడుతుందిలే అనుకున్నాడు చలపతిరావు.

బొంబాయి నుంచి వచ్చిన ఏ లారీ ఆగినా రంగయ్య లేచి ఎదురెళ్లేవాడు. “అక్కడ హోటళ్లల్ల మన తెలుగు పోరగాళ్లు ఎవరన్న పన్జేస్తున్రా?” అని అడిగేవాడు. మంచి వంటమాస్టరు కోసం వెతుకుతున్నాడని అందరూ అనుకునేవారు.

ఒకరోజు భోజనాల వేళ కూడా హోటల్ బోసిగా ఉంది. చలపతిరావు ఉండబట్టలేకపోయాడు.

“ఒక్క అక్షరమండీ. మా ఫ్యాక్టరీ పెయింటర్ని నేను తీసుకొస్తాను. మీరు ఊఁ అనండి చాలు.”

“సి తర్వాత యు. నాకు ఎరికే సారూ” అన్నాడు రంగయ్య.

చలపతిరావు తెల్లబోయాడు. తెలియక కాదన్నమాట. ఇక మెల్లగా నచ్చజెప్పాలనుకున్నాడు.

“ఇందులో చిన్నతనం ఏమీ లేదండీ. అసలు అది ఇంగ్లీషువాళ్ల మాటే కాదు. ఫ్రెంచివాళ్లది. వాళ్లు కోత్‌లెత్ అంటారు. చిన్న పక్కటెముక అని అర్థం. కట్ చేయడానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. ఇంగ్లీషువాళ్ల చెవికి అలా వినిపించింది, అలాగే రాసేశారు.”

బల్ల తుడుస్తున్న రంగయ్య చెయ్యి ఆగింది.

“అంటే ఇంగ్లీషోళ్లు గూడ తప్పే రాసిన్రా?”

“తప్పే. అందరూ అదే రాశారు కాబట్టి ఒప్పయి కూర్చుంది.”

“వాళ్లను ఎవ్వలు ఏమనలేదా?”

“ఎవరంటారు?” అని నవ్వాడు చలపతిరావు.

రంగయ్య నవ్వలేదు. తడిగుడ్డ అలాగే చేత్తో పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ పూట మళ్లీ గల్లా దగ్గరికి రాలేదు. మాట తగలాల్సిన చోట తగిలింది, ఇక దారికొస్తాడనుకున్నాడు చలపతిరావు.

రాలేదు. అవతలి హోటల్లో చోటు దొరకడం లేదు. ఇవతల ఈగలు కూడా వాలడం లేదు.

రంగయ్య సరుకు కోసం సంగారెడ్డి వెళ్లిన మధ్యాహ్నం చలపతిరావు పెయింటర్ని వెంటబెట్టుకొచ్చాడు. సావిత్రమ్మ గడపలోకి వచ్చి చూసింది.

“వద్దు సారూ” అంది.

మొగుడి భయం కాబోలు అనుకున్నాడతను. “మీ మంచికేనమ్మా. ఆయనకు నేను చెప్పుకుంటాను” అన్నాడు. ఆమె ఇంకేదో అనబోయి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెయింటర్ ఎ మీద రంగు పూసి, పైన యు దిద్ది వెళ్లిపోయాడు.

తడి ఆరకముందే రంగయ్య బస్సు దిగాడు. తలెత్తి చూశాడు. చేతిలోని సంచి జారి కందిపప్పు రోడ్డు మీద ఒలికిపోయింది. బల్ల లాక్కొచ్చి పైకెక్కాడు. తువ్వాలును కిరసనాయిలులో తడిపి కొత్త అక్షరాన్ని రుద్దసాగాడు. కొత్త రంగుతోపాటు కింది పాత రంగూ లేచి వస్తోంది. అది చూసి చెయ్యి ఆపేశాడు. మిగిలిన కాస్తా పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, బోర్డుకు తల ఆనించి, అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు.

సావిత్రమ్మ పరుగున వచ్చి, ఊగుతున్న బల్లను రెండు చేతులా పట్టుకుంది.

“దిగుండ్రి. పడతరు” అంది మొగుడితో.

“ఒక్క అక్షరం కోసం ఇంత మొండితనమేమిటమ్మా?” అన్నాడు చలపతిరావు.

ఆమె బల్ల వదల్లేదు. అతని వైపు చూడకుండానే చెప్పింది.

“తప్పు రాసిండని ఆయన నలుగురి ముంగట చెంప మీద కొడితె అదే పూట బొంబాయి లారీ ఎక్కి పోయిన మా కొడుకు, ఎన్నడన్న ఈ తొవ్వన వస్తె తన రాత అట్లనే ఉన్నది జూసి దిగుతడని ఆయన ఆశ సారూ.”