ఒక్క దుప్పటి

"ఫోటో అయిపోయిందమ్మా, ఇక దుప్పటి ఇచ్చెయ్," అన్నాడు పడవలో నిలబడిన నాయకుడు పాండురంగారావు.

ఎగువన అకాల వానలకు కృష్ణ పొంగి, నాగాయలంక దగ్గర ఇళ్ళలోకి వచ్చేసింది. ఫాల్గుణంలో ఎన్నడూ లేని చలి. మోకాలి లోతు నీళ్ళలో, గుమ్మం దగ్గర నిలబడ్డ నాగదుర్గ భుజాల మీది దుప్పటి తియ్యలేదు.

"ఇది మాకు కాదాండీ?"

"మీకేనమ్మా. ప్రస్తుతానికి ఉన్నది ఒక్కటే. ముందు అన్ని ఇళ్ళ ఫోటోలూ అవ్వాలి."

ఆయన వంగి దుప్పటి అంచు పట్టుకుని లాగాడు. పడవ ఒరిగింది. అంచు చేతిలోంచి జారి, ఆయన నీళ్ళలో పడ్డాడు.

నాగదుర్గే లేవదీసి, ఇటుకల మీద ఎత్తిపెట్టిన మంచం మీద కూర్చోబెట్టి, ఆ దుప్పటి కప్పింది.

"సార్, పక్కింటి ఫోటో," గుర్తుచేశాడు ఫోటోగ్రాఫర్.

"ఉండవయ్యా." ఆయన పళ్ళు టకటకమంటున్నాయి. "ఇదేం చలమ్మా?"

"చలిగాలులొస్తాయి, వరదొస్తుందని నిన్న మైకులో చెప్పింది మీరే కదండీ."

పాండురంగారావు దుప్పటిని మెడదాకా లాక్కున్నాడు.

"ఆఫీసర్లు రాసిస్తే చదివానమ్మా. నిజమనుకోలేదు."