హేమలత రెండో పెండ్లి

2024 ఆగస్టు తొమ్మిది, శుక్రవారం ఉదయం. భివండీ పద్మనగర్‌లో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, సెలవు. రోజా గదిలో ఉన్నవారు: గదిలో ఒంటరిగా నివసించే రోజా, ఫిర్యాదుతో వచ్చిన సిద్ధిరాములు, అతని వియ్యంకుడూ కుల సమాజ్‌కు పెద్దా అయిన కనుకయ్య. గదిలోని కుర్చీలన్నింటి మీదా పుస్తకాలే ఉన్నాయి.

“ఆ పెండ్లి రద్దు చెయ్యి,” అన్నాడు సిద్ధిరాములు, నిలబడే.

“ఎవరి పెండ్లి, కాకా?”

“తెల్వనట్టు మాట్లాడకు. హేమలత పెండ్లి.”

హేమలత రాత్రి ఎనిమిదింటి టీవీ సీరియల్‌లో కథానాయిక. భర్త పోయిన తరువాత బావగారింట తెల్లచీర కట్టుకొని చాకిరీ చేస్తోంది. సరిగ్గా ఆ వేళకే కార్ఖానాల్లో షిఫ్టు మారుతుంది కనుక పేటలో సగం మంది ఆడవాళ్లకు ఆ సీరియల్ చూసే వీలుండదు. వారి కోసం ఏ రోజు కథను ఆ రోజే రాసి ఫోన్లకు పంపడం రోజా మొదలుపెట్టింది. కొన్నాళ్లకు టీవీ కథ ఆమెకు నచ్చలేదు. తన కథ తాను రాసుకుంటూ పోయింది. చదివేవారు మాత్రం అదే సీరియల్ అనుకొన్నారు. టీవీలో హేమలత ఇంకా అంట్లు తోముతూనే ఉంది. పద్మనగర్‌లో మాత్రం కిందటి వారమే ఆమెకు రెండో పెండ్లి అయిపోయింది.

“నల్లా కాడ ఆడోళ్లు కొట్లాడుకుంటున్రు,” అన్నాడు సిద్ధిరాములు. “టీవీ చూసినామె పెండ్లే కాలేదంటది. నీది చదివినామె పెండ్లిల ఏం కూరలు వండిన్రో కూడ చెప్తది. అదంత పోనీ. నా బిడ్డ కోమల్ ఫోన్ జేసి ఏమందో ఎర్కేనా? ‘నాయినా, హేమలత చేసుకుంది గద, నేను చేసుకుంటె ఏంది?’ అంటది!”

కోమల్ అతని కూతురు, కనుకయ్యకు కోడలు. కనుకయ్య కొడుకు పోయినప్పటి నుంచీ ఆమె అత్తవారింట్లోనే ఉంటోంది. వియ్యంకుడి మాట వింటూనే కనుకయ్య ఒక కుర్చీ మీది పుస్తకాలను జాగ్రత్తగా కిందికి దించి కూర్చున్నాడు.

“టీవీల ఏం చూపిస్తె గదే రాయి,” అన్నాడు సిద్ధిరాములు.

“వాళ్లు తప్పు రాసిన్రు. నేను దిద్దిన.”

“ఇంత చదువు చదివి నువ్వు చేసే పని గిదేనా? ఇన్ని పుస్తకాలుంటె ఒక్కదాంట్లన్న మంచి ముచ్చట లేదా?” అంటూ అతను చేతికందిన నవలను లాగాడు. చివరి అట్టలోంచి చేతిరాత కాగితం ఒకటి జారిపడింది. “గిదేంది?”

“ఆఖరి పేజీ. అచ్చయిన దాంట్ల ఆమె బావిల దూకుతది. నాకు నచ్చలే.”

“అంటే పుస్తకాలను కూడ ఇడిశిపెడ్తలేవన్నట్టు!”

“డిటెక్టివ్ నవలల జోలికి పోను, కాకా. అండ్ల తప్పు చేసినోడే దొరుకుతడు.”

కనుకయ్య నవ్వు ఆపుకొంటూ దగ్గాడు.

“నువ్వెందుకు నవ్వుతున్నవ్, బావా? సమాజ్ పెద్దవు. గట్టిగ చెప్పు.”

“ఒకటి అడుగుత,” అన్నాడు కనుకయ్య. “రోజా, నీ కథల హేమలతకు పిల్ల దిక్కు పెద్దమనిషిగ ఎవలు నిలబడ్డరు?”

“పక్కింటామె.”

సిద్ధిరాములు పగలబడి నవ్వాడు. “ఇన్నవా, బావా! పిల్ల దిక్కు పెద్దమనిషి సంతకం లేకుంట మన సమాజ్‌ల లగ్గమే లేదు. కన్నతండ్రి కాదన్నంక ఎవలు పెడ్తరు సంతకం? పక్కింటామె పెడ్తదంట! రాసుడు అల్కనే తల్లీ, చేసుడే కష్టం. నిజంగ గసొంటి పిల్ల నీ గడప ముంగట నిలబడితె తలుపేసుకుంటవ్.”

రోజా ముఖం ఎర్రబడింది. పాలవాడికి తప్ప ఆమె ఎవరికీ తలుపు తీయదన్న మాట పేటలో ఉన్నదే.

“వేసుకోను. నేనే నిలబడత.”

“మాటలకేముంది!”

“మాట ఎందుకు, కాయితం మీద పెట్టు బిడ్డా,” అన్నాడు కనుకయ్య మెల్లగా.

“పెట్టమను, చూస్త!” అన్నాడు సిద్ధిరాములు. “ఆమె పెడితె, కింద సాక్షి సంతకం నేనే పెడ్త.”

రోజా బల్ల మీద జాగా చేసుకొని, తెల్లకాగితం తీసి, రాస్తున్న ప్రతి మాటనూ పైకి చదివింది: “మన సమాజంలో భర్తను కోల్పోయిన ఏ ఆడపిల్ల అయినా మళ్లీ పెండ్లి చేసుకోదలచి, పుట్టింటివారు కాదంటే, పిల్ల తరపు పెద్దగా నేను నిలబడతాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు.” తేదీ వేసి, సంతకం చేసి, కలాన్ని సిద్ధిరాములు ముందుకు నెట్టింది.

“నేను పెట్టిన, కాకా. ఇగ నీ వంతు.”

సిద్ధిరాములు కలం వైపు చూశాడు, వియ్యంకుడి వైపు చూశాడు. ఆడమనిషి ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాలేదు. వంగి, సంతకం గీకాడు.

“ఇగ ఏ పిల్ల వస్తదో నేనూ చూస్త. టీవీలకెళ్లి హేమలత దిగొస్తదా?”

కనుకయ్య కాగితాన్ని అందుకొని, రెండు సంతకాలనూ పరీక్షగా చూసి, సిరా ఆరేలా ఊదాడు. మడత మీద మడత వేసి, అంగీ లోపలి జేబులో పెట్టుకొని పైన తట్టుకొన్నాడు.

“కోమల్ వస్తది, బావా,” అన్నాడు లేస్తూ. “ఎల్లుండి ఐతారం నాడే పెండ్లి. పక్కన టెంఘర్ పేట పిలగాణ్ణి నేనే చూసిన, పిల్ల దిక్కు సంతకమొక్కటే తక్కువుండె.”